నా మగ్గం మీద ఆమె చేయి

పక్షవాతం వచ్చినప్పుడు నేను మగ్గం మీదే ఉన్నాను. ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు గదంతా గుంటమగ్గమే. కుడిచేత్తో తాడు లాగితే నాడె పడుగు దారాల మధ్య నుంచి ఆ చివరికి దూసుకుపోవాలి. ఆ పొద్దు చేయి తాడు మీద నుంచి జారి ఒళ్లో పడింది. ఎవరో ఏదో బరువు తెచ్చి ఒళ్లో పెట్టినట్టనిపించింది. వంటింట్లోంచి వచ్చిన నా భార్య, పక్కకు తిరిగిపోయిన నా మూతి చూసి కేకపెట్టింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆదోనిలో ఫిజియోథెరపీకి పోవడం మొదలైంది. బస్సు ఎక్కేటప్పుడు ఆమె ఒక పక్క, కండక్టరు ఒక పక్క పట్టుకునేవాళ్లు. అక్కడ వ్యాయామాలు చేయించే అమ్మాయి నా రెండు చేతుల మధ్య ఒక అద్దం నిలబెట్టింది. కుడిచేయి అద్దం వెనక్కి పోయింది. ఎడమచేయి అద్దంలో కుడిచేయిలా కనబడుతోంది.

"అద్దంలోకే చూడప్పా. ఎడమచేయి తెరుస్తా, మూస్తా ఉండు. అది నీ కుడిచెయ్యే అనుకో" అంది.

అద్దంలో చేయి చక్కగా తెరుచుకుంటోంది. వెనకున్న నా చేయి మాత్రం ముడుచుకునే ఉంది. ఆ అద్దంలో చేయి మీద కూడా నాకు కుళ్లు పుట్టింది.

అసలు కుళ్లు ఇంట్లో ఉంది. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. ఒకరోజు నా భార్య చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మగ్గం గుంటలోకి దిగింది.

"సగం సీర పెట్టుకోని ఎన్ని దినాలని సూస్తాం? నేను కూసుంటా."

"నీకు రాదు" అన్నాను. అప్పటికి నా మాట ఇంకా ముద్దముద్దగానే వచ్చేది.

"రాకుంటే నేర్సుకుంటా. సెప్పేకి నువ్వుండావు గదా."

మొదట్లో చెప్పాను. నాడె మధ్యలో ఆగితే, అంచు వంకరపోతే, చాప మీద నుంచే అరిచేవాణ్ణి. ఆ అరుపుల్లో నాకు కొంచెం సుఖం ఉండేది. రానురాను అరవడానికి ఏమీ దొరకలేదు. లోపలి గదిలో పడుకుని మగ్గం చప్పుడు వినేవాణ్ణి. ఎక్కడ తడబడుతుందా అని కాచుకునేవాణ్ణి. అది తడబడకుండా సాగిపోయేది.

పక్కింటి నేతగాడు ఒకసారి వచ్చి, చీర అంచు వేళ్లతో పట్టి చూశాడు.

"బలే కుదిరిందక్కా! అన్న నేసినట్టే ఉండాది."

ఆమె నవ్వింది. ఆ పూట అన్నం సహించలేదని చెప్పి కంచం పక్కకు తోసేశాను.

ఆదోనిలో ఆ అమ్మాయి ఇంకో పద్ధతి చెప్పింది. ఇంట్లో కాసేపు మంచి చేతిని గుడ్డతో కట్టేయాలి. అప్పుడు వేరే దారి లేక జబ్బుచేయి పని అందుకుంటుందట. నా భార్య తువ్వాలుతో నా ఎడమచేతిని కట్టి, కుడిచేతి ముందు చెనక్కాయలు పోసి, మగ్గం ఎక్కింది. ఒక్క కాయ కూడా వేళ్లకు చిక్కలేదు. గోడ అవతల ఆమె రెండు చేతులూ ఆడుతున్న చప్పుడు. నాకు ఒళ్లు మండింది.

"నా చేతులు కట్టేసి నా మగ్గం ఎక్కినావు" అని అరిచాను.

చప్పుడు ఆగింది. ఆమె వచ్చి కట్టు విప్పింది.

"దిగమంటే దిగతా. కూసుంటావా? దా."

పట్టుకుని తీసుకుపోయి నన్ను గుంటలో కూర్చోబెట్టింది. నా కుడివేళ్లను ఒక్కొక్కటిగా తాడు చుట్టూ మడిచింది. లాగాను. నాడె సగం దాకా పోయి, దారాల మధ్య నిలిచిపోయింది. మళ్లీ లాగాను. కదల్లేదు. ఆమె ముందు ఏడవకూడదనుకున్నాను గానీ, ఏడ్చాను.

"సగం దూరం పోయింది గదా! పోయిన నెల తాడు పట్టనే రాలేదు నీకు" అంది. ఆ సంగతి నాకంటే ముందు ఆమె గమనించినందుకూ కోపం వచ్చింది.

ఈ గొడవంతా ఆమే ఆదోనిలో చెప్పేసింది. వ్యాయామాలు చేయించే అమ్మాయి నన్ను కసరలేదు. "నీ పనిలో వేళ్లతో చేసేది ఏముండాదప్పా?" అని అడిగింది. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని చివర్లకు కొత్త దారాలు మెలిపెట్టి అతుకుతామని చెప్పాను. "అయితే దారం తీసుకురా, అదే చేద్దాం" అంది. అప్పటినుంచి మా వ్యాయామం దారంతోనే. బొటనవేలూ చూపుడువేలూ మొదట దారాన్ని నలిపి పారేసేవి. చాలా రోజుల తరువాత మెలి పడింది. పడిన మెలిని ఆ అమ్మాయి గట్టిగా లాగి చూసింది. ఊడలేదు.

ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తాను. కొత్త పడుగు నేనే అతుకుతాను, నెమ్మదిగా. తాడు లాగే ఒడుపు మాత్రం చేతికి తిరిగి రాలేదు. ఇక రాదని ఆదోనిలో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు గానీ, నాకు తెలుసు. మగ్గం ఆమెదైంది.

మొన్న సాయంత్రం "పోగు తెగింది, దా ఈడికి" అని పిలిచింది. తెగినందుకు లోలోపల సంతోషపడుతూనే లేచాను. వంగి, రెండు కొసలూ వెతికి పట్టుకుని మెలిపెట్టాను.

"అయిందా? చెయ్యి తియ్యి" అంది.

తీశాను. నేను నడుము ఎత్తి నిలబడేలోపే ఆమె తాడు లాగింది.