మట్టి ఓడ అదురు

నా భర్త వేళ్లకు స్పర్శ పోయిందన్న సంగతి గంజి వార్చేటప్పుడు బయటపడింది. ఒళ్లో పసిపిల్ల ఏడుస్తూ ఉంటే నేను లేవలేకపోయాను. "ఉండు, నేను వారుస్తాను" అని ఆయన పొయ్యి మీద కుతకుతలాడుతున్న కుండను మసిగుడ్డ లేకుండా రెండు చేతులతో పట్టుకుని దించారు. నిదానంగా గంజి వార్చారు. కుండ పక్కన పెట్టి, పని బాగా చేశాను కదా అన్నట్టు నా వైపు చూసి నవ్వారు. ఆయన వేళ్ల చివర్లు అప్పటికే బొబ్బలెక్కుతున్నాయి.

"ఏమండీ, కాలలేదా?" అన్నాను.

"ఏంటి కాలేది?" అన్నారాయన.

ఆ పూట పుట్టిన కోపం నాలో ఈ రోజుకీ చల్లారలేదు. చల్లారాలని నేను ప్రార్థించనూ లేదు.

మా పాక అప్పుడు గోదావరిలోంచి కాలువ చీలే మొగ దగ్గర, గట్టు మీద ఉండేది. వరద తీసేసరికి గోదావరి ఆ మొగలో ఒండ్రూ ఇసకా మేట వేసి పోతుంది. మేట తీయకపోతే కాలువలోకి నీరు ఎక్కదు, ధాన్యం పడవలు కదలవు. అందుకని మేట తీసే డ్రెడ్జరు ఒకటి అక్కడ ఉండేది. ఊళ్లోవాళ్లు దాన్ని మట్టి ఓడ అనేవారు. ఓడ మధ్యలోంచి నీళ్లలోకి ఏటవాలుగా పెద్ద ఇనుప నిచ్చెన దిగి ఉంటుంది. దాని మీద గొలుసుకు కట్టిన ఇనుప బొక్కెనలు అడుగుకి వెళ్లి మట్టి తవ్వుకుని, పైకొచ్చి ఒక డ్రమ్ము మీదుగా తిరిగి, తొట్టిలో కుమ్మరించి మళ్లీ దిగుతాయి. దీన్నంతటినీ తిప్పేది ఆవిరి ఇంజను. ఆ ఇంజను డ్రైవరు నా భర్త. కార్ఖానాలో కమ్మరిపని నేర్చి, మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చి, మా పేటలో ఇంజను పట్టిన మొదటి మనిషి. పెళ్లినాడు మా నాన్న ఆ సంగతి చర్చిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ ఓడ అదిరేది. మామూలు అదురు కాదు. అది నడుస్తుంటే గట్టు మీద మా బిందెలో నీళ్లు వలయాలు వలయాలుగా కదిలేవి. పాక గోడకు మెత్తిన మట్టి రాలేది. గట్టు మీదే అంత ఉంటే, ఇంజనుకు ఆవిరి వదిలే ఇనుప చక్రం పట్టుకుని పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా నిలబడ్డ మనిషికి ఎలా ఉంటుంది? ఇంటికొచ్చాక కూడా ఆయన చేతులు సన్నగా వణుకుతూనే ఉండేవి. చలికాలం ఉదయాన్నే వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడేవి. చొక్కా బొత్తాలు నేనే పెట్టేదాన్ని. అలసట అనుకున్నాం. కుండ సంగతితో అది అలసట కాదని తేలిపోయింది.

"ఎందుకండీ అంతగా అదురుతుంది?" అని ఆ రోజు కూర్చోబెట్టి అడిగాను.

ఆయన పిల్లకు చెప్పినట్టు నాకు విడమరిచి చెప్పారు. బొక్కెనలను గొలుసుకు కలిపే చీలలు అరిగిపోయాయి. చీల అరిగితే బొక్కెన వదులవుతుంది. వదులైనది డ్రమ్ము మీద కుదురుగా కూర్చోదు, దబ్బున పడుతుంది. బొక్కెన బొక్కెనకీ ఒక దెబ్బ. ఆ దెబ్బ నిచ్చెనకు, నిచ్చెన నుంచి ఓడ కడుపుకు, అక్కడినుంచి ఇంజనుకు పాకుతుంది. ఇంజనేమో ఇనుప దూలాల మీదే నేరుగా బిగించి ఉంది. మధ్యన దెబ్బ మింగే చెక్క ముక్కయినా లేదు. అదురుకు నట్లు వదులవుతాయి, నట్లు వదులైనకొద్దీ అదురు పెరుగుతుంది.

"ఇంకోటి కూడా ఉంది" అన్నారు. "నెమ్మదిగా తిప్పితే ఏదో గునుస్తుంది, అంతే. బాగా జోరుగా తిప్పినా సర్దుకుంటుంది. రెంటికీ నడుమ ఒక వేగం ఉంది చూడు, అక్కడ మాత్రం ఓడకు పూనకం వచ్చేస్తుంది."

"మరి ఆ వేగంలో తిప్పడం ఎందుకు?"

"నెమ్మదిగా తిప్పితే మట్టి చాలదంటారు ఓవర్సీరుగారు. జోరుగా తిప్పితే బొగ్గు తినేస్తుందంటారు."

అంటే ఇది ఎవరికీ తెలియని జబ్బు కాదు. నా భర్తకు తెలుసు. ఓడ పనంతా చూసే ఓవర్సీరుగారికి అంతకన్నా బాగా తెలుసు, ఆయన పెద్ద చదువు చదివిన మనిషి. తెలిసి కూడా ఆ నడుమ వేగంలోనే ఓడను నడిపించారు.

మర్నాడు పిల్లను చంకనేసుకుని ఓవర్సీరుగారి బసకు వెళ్లాను. ఆయనది కోనసీమ. సోమవారం సోమవారం ద్రాక్షారామం వెళ్లి అభిషేకం చేయించుకొస్తారు. ఎవరినీ తిట్టరు. వరండాలో ఇద్దరు ధాన్యం వర్తకులతో మాట్లాడుతున్నారు.

"ఏంటమ్మా సంగతి?"

"అయ్యా, మా ఆయన వేళ్లకి స్పర్శ పోయిందండి. నిప్పు తగిలినా తెలీడం లేదు. ఓడ అదురు తగ్గే ఉపాయం చూడండి."

ఆయన వర్తకుల వంక చూసి నవ్వారు. "ఇంజనన్నాక అదరదా అమ్మా? అదరకపోతే అది ఇంజనెందుకవుద్ది, మంచమవుద్ది."

వర్తకులు పగలబడి నవ్వారు. "రాత్రిళ్లు ఆముదం రాయి" అని ఆయన మళ్లీ వాళ్లతో మాటల్లో పడిపోయారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను గట్టు వెంట తిరిగొస్తుంటే ఓడ వైపునుంచి దబ్, దబ్ అని వినిపిస్తూనే ఉంది. పళ్లు బిగపట్టి నడిచాను.

ఆముదం రాస్తూనే ఉన్నాను. ఎండలు ముదిరే వేళకు జరగవలసింది జరిగింది. ఆవిరి గొట్టం అతుకు దగ్గర నట్లు అదురుకు వదులై, ఒక ఉదయం ఆ అతుకు విడిపోయింది. పక్కనే బొగ్గు ఎత్తిపోస్తున్న మనిషి మీదికి ఆవిరి చిమ్మింది. అతను మా పేటవాడే, నాకు అన్న వరస. ఆ కేక గట్టు మీదికి వినబడి పరుగెత్తాను. భుజం నుంచి మణికట్టు దాకా తోలు ఊడి వేలాడుతోంది. అరిటాకు మీద పడుకోబెట్టి, పడవలో రాజమండ్రి ఆసుపత్రికి పంపారు. అన్న చెయ్యి దక్కింది కానీ మోచెయ్యి మళ్లీ సరిగా మడత పడలేదు.

విచారణకు ఇంజనీరు దొరగారు వచ్చారు. గట్టు మీద కుర్చీ వేశారు. ఓవర్సీరుగారు పక్కన నిలబడి, "డ్రైవరు నట్లు సరిగా బిగించలేదండి, అజాగ్రత్త" అన్నారు. నా భర్త తలవంచుకుని నిలబడ్డారు. నాకు ఆ ఓవర్సీరు మీద ఎంత కోపం వచ్చిందో, వంచిన ఆ తల మీదా అంతే వచ్చింది.

ఆడవాళ్ల గుంపులోంచి ముందుకొచ్చాను. "బిగించారండి! రోజూ పొద్దున్నే బిగించే ఓడెక్కుతారు. కానీ బిగిసిందో లేదో ఆ వేళ్లకి తెలిస్తే కదండీ!"

"ఊరుకో" అన్నారు నా భర్త.

నేను ఊరుకోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని దొర ముందుకు చాపాను. కాలిన మచ్చలు చూపించాను. "ఈ వేళ్లు ఇలా ఎందుకయ్యాయో ఓవర్సీరుగారిని అడగండి. అదురుతోందని చెప్పడానికి వెళ్తే మంచం అన్నారు."

దొరకు తెలుగు వచ్చు. ఆయన నా భర్త చేతుల గురించి ఒక్క ముక్క అడగలేదు. ఓవర్సీరు వైపు తిరిగి, "కొత్త చీలలు, టేకు దుంగలు వెయ్యమని నేను ఎప్పుడో చెప్పాను. వేశారా?" అన్నారు.

"ఓడ ఆపితే ధాన్యం పడవలు ఆగిపోతాయండి. కాలువకు నీళ్లు కట్టేశాక వేయిద్దామని..." ఓవర్సీరుగారు నసిగారు.

ఆ మాట విని నాకు ఒళ్లు మండిపోయింది. దొరకు కూడా తెలుసన్నమాట! ఉత్తర్వు ఇచ్చి, అది జరిగిందో లేదో చూడటానికి ఒక్కనాడు కూడా గట్టు ఎక్కలేదు. ఒకరు చెప్పి మరిచారు, ఇంకొకరు విని దాచారు. నడుమ కాలిపోయింది మావాళ్లు.

ఓడ ఆపారు. ఇంజనును గొలుసులతో పైకెత్తి, ఇనుప దూలాలకూ దానికీ మధ్య లావుపాటి టేకు దుంగలు పరిచారు. ఒక పక్కకు వాలిన ఇంజను ఇరుసు కింద పలచని రేకులు దోపి మట్టం చేశారు. గొలుసుకు కొత్త చీలలు వేశారు. ప్రతి నట్టు మీదా ఇంకో నట్టు ఎక్కించి బిగించారు, అదురుకు వదులు కాకుండా. చక్రానికి కొబ్బరి పీచు తాడు చుట్టి, పైన తోలు కుట్టారు. ఆవిరి వదిలే చక్రం దగ్గర ఎర్రరంగుతో రెండు గీతలు గీశారు. ఆ రెంటి నడుమ వేగంలో ఓడను నిలపకూడదని ఆజ్ఞ. గబగబా దాటెయ్యాలి.

ఓడ మళ్లీ కదిలిన రోజున గట్టు మీద నిలబడి చూశాను. బొక్కెనలు మెత్తగా ఎక్కి, మెత్తగా దిగుతున్నాయి. బిందెలో నీళ్లు కదలలేదు. చుట్టూ జనం చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు. ఇంతేనా? ఇన్నాళ్లూ కరువైంది కొన్ని దుంగలూ, కొన్ని చీలలూ, రెండు గీతలేనా?

నా భర్త చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. చివరికి ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, "నా చేతులు చచ్చాయని నలుగురిలో చాటావు. ఇంక నన్ను ఇంజను ఎవరు ముట్టుకోనిస్తారు?" అన్నారు. ఆయన అన్నట్టే అయింది. ఇంజను ఇంకొకరికి ఇచ్చి, ఆయన్ని దిగువన, కాలువలో పడవల్ని దాటించే లాకు కాపలాకు పంపారు. తలుపులు తియ్యడం, మూయడం. ఆయన కోపం న్యాయమే. అయినా ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అలాగే అరుస్తాను.

కొన్నేళ్లకు ఓవర్సీరుగారు పెద్ద హోదాకు ఎక్కాక, కుటుంబంతో పడవలో ద్రాక్షారామం వెళ్తూ మా లాకు దగ్గర ఆగారు. నన్ను గుర్తుపట్టారు. "బాగున్నావా అమ్మా?" అని, పక్కనున్న అల్లుడితో, "ఆ మట్టి ఓడ అదురు మాన్పించింది మనమే. ఇప్పుడు దాని మీద గ్లాసు పెట్టినా తొణకదు" అన్నారు.

"ఎవరి వేళ్లు పోయాక మాన్పించారో కూడా చెప్పండి అల్లుడిగారికి" అన్నాను.

ఓవర్సీరుగారు కాలువ వైపు తిరిగారు. నా భర్త లాకు చక్రం వదిలి వచ్చి ఆయనకు నమస్కారం పెట్టి, లాకు తలుపులు తీశారు. పడవ దాటిపోయింది.

"ఇంకా ఎందుకే ఆ కోపం? ఓడ బాగుపడింది కదా" అన్నారు నా భర్త.

"ఓడ బాగుపడిందండి" అన్నాను. ఆయన అరుగు మీద కూర్చున్నారు. నేను లోపలికి వెళ్లి అన్నం కలిపి తెచ్చి, ముద్దలు చేసి ఆయన చేతికి ఇచ్చాను. వేడి ఎంత ఉందో ముందు నా చేత్తో చూసుకున్నాకే ఇస్తాను, ప్రతి పూటా.