రత్నాకర్ అమీగాకు కొత్త పరుగు

ముప్పై ఏళ్ల కిందట తార్నాకలో జరిగిన పెళ్లిళ్ల వీడియోల్లో వధూవరుల పేర్లు పూలదండల మధ్య గిర్రున తిరిగి నిలబడ్డాయంటే, అది రత్నాకర్ పనితనమే. కీబోర్డులోనే యంత్రమంతా ఇమిడిపోయిన అమీగా కంప్యూటర్‌ను టీవీకి తగిలించి ఆ పేర్లు వేసేవాడు. ఆయన వీడియో స్టూడియో ఎప్పుడో మూతపడింది. అమీగాను మాత్రం, భార్య కృపారాణి ఎంత సణిగినా, వదిలించుకోలేదు.

ఈ ఏడాది యూనివర్సిటీలో పాత కంప్యూటర్ల ప్రదర్శన పెడుతూ శైలజ దాన్ని అడిగింది. ఆమె అక్కడ కంప్యూటర్ సైన్స్ చెబుతుంది. ఆమె అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ కూడా రత్నాకర్ చేసిందే.

ప్రదర్శనకు ముందురోజు భార్యతో కలిసి యంత్రాన్ని ల్యాబుకు తెచ్చి, ఆయన ఒక పాత ముచ్చట చెప్పాడు. చెల్లెలు బాలలక్ష్మి పెళ్లి వీడియోకు తెర మీద ఊగే వెండి గంటలు చేయాలనుకున్నాడు. అవి ఊగాలంటే వరసగా ఎన్నో బొమ్మలు కావాలి. మెరుపులు, నీడలు లెక్కగట్టి ఒక్కో బొమ్మ వేయడానికి అమీగాకు ఒక పూట పట్టేది. గంటలు అటు నుంచి ఇటు రాకముందే పెళ్లి అయిపోయింది.

"దీనికి యాక్సిలరేటర్ కార్డు తెప్పిచ్చిన సార్, పెడదమా?" అంది శైలజ.

"పెడితే ఇగ గిది అమీగానేనా మేడం?"

"అమీగానే. రంగులు, పాటలు పాత చిప్పులే చూసుకుంటయ్. లెక్కలు చేసే ప్రాసెసర్ మాత్రం పక్కకు జరుగుతది. కార్డు మీదున్న జల్ది ప్రాసెసర్ ఆ పని అందుకుంటది. దాని మెమరీ దాని దగ్గరే ఉంటది, అందుకే పాత మెమరీ కోసం ఆగదు."

రత్నాకర్ యంత్రాన్ని బోర్లించి, అడుగున మూత తీసి, కార్డును బొటనవేళ్లతో నొక్కాడు. స్విచ్ వేస్తే తెర తెల్లగా నిలిచిపోయింది. ఆయన స్విచ్ ఆపేశాడు. కార్డు తీసి, కొనలు తుడిచి మళ్లీ నొక్కితే ఈసారి లేచింది.

గంటల బొమ్మ మొదలుపెట్టాడు. కృపారాణి ఫ్లాస్కులోంచి పోసిన చాయ్ తాగేలోపే మొదటిది పూర్తయింది. సాయంత్రానికి అన్నీ కలిసి, తెర మీద గంటలు ఊగసాగాయి. ఆయన వెంటనే నల్లకుంటలో ఉన్న బాలలక్ష్మికి వీడియో కాల్ చేసి చూపించాడు.

"అన్నా, నా బిడ్డ పెండ్లి గూడ అయిపాయె గదనే," అని ఆమె పడీ పడీ నవ్వింది.

మర్నాడు ప్రదర్శనలో విద్యార్థులు తమ పేర్లు వేయమన్నారు. తీరా చూస్తే పేర్లు చదవనివ్వకుండా సర్రున మాయమవుతున్నాయి. ఒక్కో పేరు కాసేపు నిలిచేందుకు, ఆ మధ్యలో కంప్యూటర్ అంకెలు లెక్కపెట్టేలా ఆనాడు రత్నాకరే ప్రోగ్రామ్ రాశాడు. కొత్త ప్రాసెసర్ ఆ లెక్కను రెప్పపాటులో ముగించేస్తోంది. ఆయన నవ్వుకుంటూ ఆ అంకె పక్కన ఇంకో రెండు సున్నాలు చేర్చాడు. పేర్లు నిదానంగా తిరిగి నిలబడ్డాయి.

పేర్లు వేయించుకునేవాళ్ల వరుస గుమ్మం దాటింది. అందులో కృపారాణి కూడా నిలబడింది. తన వంతు రాగానే, "నా పేరు మాత్రం జల్ది తియ్యకుండ్రి," అంది.