పైన ఎరుపు, కింద ఆకుపచ్చ

త్యాగరాజు మాస్టారి పేరు ఎత్తితే దర్శి చుట్టుపక్కల ఇప్పటికీ నవ్వుతారు. మా కాలేజీలో ఆయన ఫిజిక్సు చెప్పేవారు, నేను ల్యాబ్ అటెండర్‌ని. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మాస్టారిది మిరప పండించే ఇల్లు. చిన్నప్పుడు కోతకు పంపితే పండుకాయలతో పాటు పచ్చికాయలూ తెంపేసేవారట. "మిరపచేలో పుట్టి పండేదో పచ్చేదో తెలవదంట్రా నీకు!" అని నాన్న చెర్నాకోలతో కొట్టాడట. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకటే. రెసిస్టర్ల మీది రంగు గీతలు చదివిపెట్టేది నేనే కాబట్టి నాకొక్కడికే చెప్పారు.

ఆయన చదువంతా ధ్రువాల మీది ఆకాశం గురించే. సూర్యుడి వైపు నుంచి వచ్చే కణాలు అక్కడి పైగాలిని కొడితే ఎలక్ట్రాన్లు చిక్కబడతాయి, ఆకాశం వెలుగుతుంది. గ్రాఫులు తెప్పించుకుని ఏ ఎత్తున ఎన్ని ఎలక్ట్రాన్లో లెక్కగట్టేవారు. ఆ వెలుగు ఒక్కసారి చూడాలని ఆశ.

"రంగు తెలియకపోతేనేం ఆదెయ్యా, కదలటం కనపడుద్దిగా!" అనేవారు.

ఎనభై ఆరులో అంటార్కిటికా వెళ్లే జట్టుకు ఎంపికయ్యారు. కంటి పరీక్షలో రంగు చుక్కల పుస్తకం తెరిచారు. చుక్కల మధ్య అంకె ఆయనకు కనపడలేదు. ఆయన బదులు ఆయన గ్రాఫులతో డాక్టరేటు కొట్టిన శిష్యుడు వెళ్లాడు. తిరిగొచ్చి స్లయిడ్లు పంపాడు, అదొక్కటే దయ.

క్లాసులో వాటిని వేశాం. మొదటిది ఆకాశం తప్ప ఏమీ లేని బొమ్మ. మాస్టారు బెత్తంతో చూపిస్తూ, "రెండొందల కిలోమీటర్ల పైన ఎరుపు, కింద వంద దగ్గర ఆకుపచ్చ," అన్నారు. క్లాసు గొల్లుమంది.

"పైనున్నది ఆకుపచ్చండీ!"

"అయితే స్లయిడ్ తిరగబడింది. సరిగా పెట్టు, ఆదెయ్యా."

నిజమే. ప్రొజెక్టర్‌లో తలకిందులుగా పెట్టాల్సిన స్లయిడ్‌ని నేను నిటారుగా పెట్టాను. కళ్లున్న అరవైమందిలో ఒక్కడూ ఆ తప్పు పట్టలేదు. కానీ వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు: "అంటే మీకు రంగులు కనపడవాండీ?"

మాస్టారు తర్వాతి స్లయిడ్ వెయ్యమన్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

మర్నాడు ఆయన బల్ల మీద రెండు మిరపకాయలున్నాయి. ఒకటి పండు, ఒకటి పచ్చి. మాస్టారు చేతికొకటి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత అందరికీ వినపడేలా, "ఏది ఏదో చెప్పు, ఆదెయ్యా," అన్నారు.

ఎడమచేతిది పండు, కుడిచేతిది పచ్చి అని చెప్పాను. క్లాసంతా మళ్లీ నవ్వింది.