అడగనోళ్లకు దండం పెట్టని చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిందని పోయిన వారం, మావాళ్లు నేతపనికి వలసపోయిన మరాఠీ ఊళ్లోని భవాని పేట్ నుంచి ఫోన్ వచ్చింది. గుండె ఆగిందట. చెప్పిన బంధువు అంతటితో ఊరుకోలేదు. "పిల్లల్లేని మనిషి, ఎన్క ఏడ్చేటోళ్లు సుత లేరు" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. సగం కోపంతోనే ఏడ్చాను.

ఆమెకు పిల్లలు ఎందుకు లేరో చెప్తాను. పంతొమ్మిదేళ్లప్పుడు గజ్జల దగ్గర గడ్డ లేచింది. క్యాన్సర్ అన్నారు. పొత్తికడుపుకు కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మావాళ్లు అలాగే అంటారు. జబ్బు తగ్గింది, నెలసరి ఆగిపోయింది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఇలా అవుతుందని డాక్టరుకు ముందే తెలుసు. మా తాతకు చెప్పాడు కూడా. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఏళ్ల తర్వాత ఒక లేడీ డాక్టరు మాటల్లో అన్నది, కరెంటుకు ముందే ఆపరేషన్ చేసి అండాశయాలను పక్కకు జరిపి కుట్టి ఉంటే అవి మిగిలేవేమోనని. "మీకు చెప్పలేదా?" అని కూడా అడిగింది.

"బతికించినోళ్లకు దండం పెడ్త. అడగనోళ్లకు మాత్రం పెట్ట" అనేది చిన్నమ్మ.

ఐదేళ్ల కింద, తొంభైల మొదట్లో, అలాంటి జబ్బే నాకు వచ్చింది. అప్పుడు నాకు పదిహేడేళ్లు. కుంఠా నాకా దగ్గరి మగ్గాల కార్ఖానాలో పని వదిలేసి చిన్నమ్మ నేరుగా ఆసుపత్రికి వచ్చింది. నన్ను బయట కూర్చోబెట్టి డాక్టరు నాన్నతో మాట్లాడుతున్నాడు. ఆమె తలుపు తోసి, నన్ను లోపలికి లాక్కుపోయింది.

"పెండ్లి గాని పోరి. గివన్నీ దాని ముంగట ఎందుకు?" అన్నాడు నాన్న.

"ఒళ్లు దానిది బావా. నిన్నడగకుంట నీ మగ్గం ఇప్పుతె ఊకుంటవా?"

ముందు ప్రాణం సంగతి చూడాలన్నాడు డాక్టరు, మరాఠీలో.

"ప్రాణం చూడుండ్రి సాబ్. దాంతోని ఇది సుత చూడుండ్రి. దానికి చెప్పుండ్రి."

అప్పుడు అతను మొదటిసారి నావైపు తిరిగాడు. అండాశయాలు జరపవచ్చు, తర్వాత పనిచేస్తాయని మాత్రం ఖాయంగా చెప్పలేనన్నాడు. చేయించుకుంటానన్నాను. నాలుగు మాటల పని! ఆ నాలుగు మాటలు అప్పట్లో చిన్నమ్మకు చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

నాకు పిల్లలు పుడతారో లేదో ఇంకా తెలియదు. కరెంటు ముగిసిన కొన్ని నెలలకు నెలసరి మళ్లీ వచ్చిన రోజు మాత్రం ముందు ఆమెకే చెప్పాను. జొన్నరొట్టెలు చేస్తోంది. పిండి చేతులతోనే బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. తర్వాత గోడవైపు తిరిగి నిలబడింది. పెనం మీద రొట్టె మాడి పొగ లేస్తున్నా, ఇటు తిరగలేదు.