లాకులకు కొట్టుకొచ్చిన పల్లంరాజు గారు

చెత్త చూసి ఊరి పేరు చెప్పేయగలదు రత్తమ్మ. రొయ్యల మేత సంచులైతే చెరువుల ఊరివి, కొబ్బరి డొక్కలైతే తోటల ఊరివి, బఫే ప్లేట్లు గుట్టగా వచ్చాయంటే కల్యాణమండపం ఉన్న ఊళ్లో పెళ్లిళ్లు జోరుగా సాగుతున్నాయన్నమాట. ఇదేం విద్య అని నవ్వకండి. పాలకొల్లు దాటాక కాలవ మీదుండే లాకులపాలెంలో ఆరేళ్లుగా ఈల ఊదుకుంటూ చెత్తబండి తొక్కి, షెడ్డులో వానపాముల ఎరువు చేసి, కష్టపడి నేర్చుకున్న విద్య.

ఆ షెడ్డుకే ఇప్పుడు మూడింది.

కాలవ వెంట ఉన్న ఏడు ఊళ్లకీ కలిపి ఒకే చెత్త ప్లాను వేయడానికి దుర్గాశ్రీ అనే ఇంజనీరమ్మ వచ్చింది. బుద్ధిమంతురాలే పాపం. కాకపోతే వచ్చింది మే నెలలో, కాలవలు కట్టేసిన రోజుల్లో. ఎండిన కాలవలో ఏ ఊరి దగ్గర ఎంత చెత్తుందో కొలిచి, మ్యాపులో లాకులపాలేనికి ఎర్రరంగు పూసేసింది. ఇంత మురికి ఊళ్లో షెడ్డెందుకు, మూసేయమని, ఏడూళ్ల ఉమ్మడి షెడ్డు ఎగువూరికి రాసింది.

రత్తమ్మకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నీళ్లున్నన్నాళ్లూ పై ఊళ్ల చెత్తంతా కొట్టుకొచ్చి, కాలవ నీళ్లని ఆపే లాకు తలుపుల దగ్గరే ఆగుతుందని ఆ మ్యాపుకేం తెలుసు?

ప్లాను మీద పెట్టిన మీటింగులో ఎగువూరి ప్రెసిడెంటు పల్లంరాజు గారు గొంతు సవరించుకున్నారు. "మా ఊరు అద్దంలా ఉంటుందండి. ఆ లాకులపాలెం వాళ్లకే శుభ్రత తెలీదు."

"ఆయ్, అలాగేనండి" అంటూ రత్తమ్మ లేచి, సంచిలోంచి ఓ మడత తీసి నేలమీద పరిచింది. పన్నెండడుగుల ఫ్లెక్సీ. నల్లకళ్లద్దాలతో దండం పెడుతున్న పల్లంరాజు గారికి జన్మదిన శుభాకాంక్షలు. కింద ఊరి పేరు.

"లాకు తలుపుకి అడ్డం పడ్డారండి. నేనే లాగి ఒడ్డునేశాను. పోయినేటి పుట్టినరోజుది కూడా ఉందండి, పరచమంటారా?"

హాలంతా గొల్లున నవ్వింది. పల్లంరాజు గారు ముందు కందగడ్డయ్యారు. ఫ్లెక్సీలో తన బుగ్గమీద పట్టిన పాచి చూసుకుని చివరికి ఆయనా పొట్ట పట్టుకుని నవ్వారు. దుర్గాశ్రీ మాత్రం నవ్వలేదు. "మరి నాకెవరూ చెప్పలేదేంటండీ?" అంది దిగులుగా.

"నీళ్లు వదిలాక రామ్మా, చూపిస్తాను" అంది రత్తమ్మ.

జూన్‌లో ఇద్దరూ మూడు రోజులు కాలవగట్టు మీద నడిచారు. ప్లాను మారింది. ఏ ఊరి చెత్త ఆ ఊళ్లోనే, కాలవలో పడకముందే పట్టాలి. ఉమ్మడి షెడ్డు మాత్రం లాకుల దగ్గరే. బాధ్యురాలు రత్తమ్మ. ఆ ముక్క ఆవిడ రెండుసార్లు చదివించుకుంది.

షెడ్డుకి కొత్త రేకులు రాకముందే వానలొచ్చాయి. చూడ్డానికొచ్చిన పల్లంరాజు గారు తలెత్తితే, ఎరువు తొట్ల మీద పందిరిలా కట్టిన ఫ్లెక్సీలోంచి ఆయనే దండం పెడుతున్నారు.

"ఇదేంటి రత్తమ్మా!"

"ఆరేళ్లు మీ చెత్త నేను మోశానండి" అంది రత్తమ్మ నవ్వుతూ. "ఈ వానాకాలం నా వానపాముల్ని మీరు కాపాడండి."