నరసరాజుగారి పార్కింగు సంప్రదాయం

రాజవంశాలు పుట్టిన తేదీలు శాసనాల్లో దొరుకుతాయి. సినిమా పూర్తికాక ముందే హాల్లోంచి లేచి రావడమనే నరసరాజుగారి సంప్రదాయానికి మాత్రం శాసనాధారం లేదు. ఆయన భార్య నాగమణి సాక్ష్యమే గతి. పెళ్ళైన కొత్తలో ఏలూరులో మ్యాట్నీ వదిలాక, స్టాండులో స్కూటరు చిక్కుకుపోయి గంటసేపు ఎండలో నిలబడ్డారట. ఆ పరాభవం నుంచి ఒక రాజ్యాంగం పుట్టింది: ఆట ముగియడానికి పది నిమిషాల ముందే బయటపడాలి. స్కూటరు పోయి కారు వచ్చింది. ఏలూరు పోయి శంషాబాద్ వచ్చింది, విమానాశ్రయం కార్గో ఆఫీసులో మేనేజరు కుర్చీ వచ్చింది. రాజ్యాంగానికి మాత్రం ఒక్క సవరణా రాలేదు. పాతికేళ్ళ కాపురంలో నాగమణి ఏ కథానాయకుడు బతికాడో, ఎవడు చచ్చాడో ఎరగదు.

మొన్నటి సినిమా కూడా అంతే. సంగీతం పిచ్చి ఉన్న కుర్రాడు, రైల్వే గుమాస్తా తండ్రి, కొడుక్కి చాటుగా పాట నేర్పే తల్లి. కుర్రాడి మొదటి కచేరీ వేళకు, జబ్బుతో ఉన్న తల్లి ఎలాగో ఆటో ఎక్కింది. నరసరాజు లేచి "పద పద" అన్నారు. నాగమణి తెరవైపు తిరిగి చూసుకుంటూనే నడిచింది.

ఆ వారంలోనే ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లనుకున్నారు. స్కాన్ చూసిన డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టమని ఆయనతో చెప్పాడు. జబ్బేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. అడిగింది ఒక్కటే.

"ఏవండీ, ఆవిడ కచేరీకి చేరిందంటారా?"

"ఫోన్లో వెతికి చెప్తానుండు."

"ఫోనెందుకు? వెళ్ళి చూసి రండి. ఒక్క సినిమా ముగింపైనా మీ నోట విననివ్వండి."

అప్పటికి ఆ సినిమాకు ఉదయం ఆట ఒక్కటే మిగిలింది. మరదలు ప్రసన్నలక్ష్మిని ఇంట్లో ఉంచి, నరసరాజు సెలవు పెట్టి ఒంటరిగా వెళ్ళారు.

మొదటిసారి చూసినప్పుడు ఆ తండ్రి ఆయనకు బుద్ధిమంతుడిలా కనిపించాడు. ఈసారి ఒక సంగతి కంటబడింది. ఆ మనిషి సినిమా మొత్తంలో ఎవరినీ వద్దనలేదు. "చూద్దాంలే" అన్నాడు, అంతే. నాగమణి చిన్నప్పుడు విజయవాడ రేడియోలో పిల్లల కార్యక్రమంలో పాడేది. అత్తాపూర్‌లో ఎవరో సంగీతం చెబుతున్నారని ఆమె రెండు మూడుసార్లు అంటే, నరసరాజు కూడా కాదనలేదు. అదే మాట అన్నారు.

తల్లి ఆటో ఎక్కగానే ఆయన మోకాళ్ళు వాటంతటవే లేచాయి. అరచేతులతో అదిమి పట్టి కూర్చున్నారు.

ఆటో ఆసుపత్రి ముందు ఆగింది. కుర్రాడు ముందు వరసలో ఖాళీ కుర్చీని చూస్తూ పాడాడు. నరసరాజు తెరమీద పేర్లన్నీ అయిపోయేదాకా కూర్చున్నారు. లైట్లు వేసినవాడు వచ్చి భుజం తట్టాడు.

గేటు దగ్గర పార్కింగు చీటీలు చింపే ఐలయ్య, సాతంరాయి ఊరివాడు, ఆశ్చర్యపోయాడు.

"ఏంది సార్, ఇయ్యాల ఆఖరి దాంక కూసున్నరు? మీ బండి కదిలిందంటే ఇంక పది నిమిషాలున్నదని నేను టైం చూసుకుంట. ఇయ్యాల నా గడియారం ఖరాబైందనుకున్న. అమ్మ రాలే?"

"ఇంట్లో ఉంది."

"పాపం, ఎప్పుడొచ్చినా నన్నే అడుగుతుండె, ఐలయ్యా, ఆఖర్ల ఏమైతదని. నాకేమెరుక సార్? నేను చూసేది బండ్లు. జర అడిగిన్నని చెప్పుండ్రి."

దారి పొడుగునా నరసరాజు ఒక మంచి ముగింపు కట్టుకున్నారు: తల్లి చేరింది, విన్నది, చప్పట్లు కొట్టింది. గదిలోకి వెళ్ళేసరికి నాగమణి దిండ్లకు ఆనుకుని, తల దువ్వించుకుని ఎదురుచూస్తోంది.

"చేరిందా?"

కట్టుకున్న ముగింపు గొంతు దాటలేదు. చూసిన ముగింపు అసలే దాటదు.

"అదీ... పార్కింగులో ఇబ్బందవుతుందని ముందే లేచి వచ్చేశాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వింది. నవ్వితే నొప్పి, కాబట్టి కొంచెమే.

"మీరు మారరు కదండీ! పోన్లెండి, చేరే ఉంటుంది. కొడుకు పాడుతుంటే చేరకుండా ఎలా ఉంటుంది?"

"అంతేలే," అన్నారు నరసరాజు.

ఆ ఉదయం ఆటకు పార్కింగులో ఉన్నది ఆయన కారొక్కటే.