బార్‌కోడ్ లేని రికార్డులు

మా ఆయన ముత్తుకూరు దగ్గర ఓడరేవులో క్రేన్ల ఎలక్ట్రీషియన్. ఓడల మీద వచ్చే నావికులతో స్నేహం చేసి, వాళ్ళ దగ్గర పాత రాక్ అండ్ రోల్ ఆల్బమ్‌లు సంపాదించడం ఆయన పిచ్చి. ఒక్క గాయకుడివి కావు. ఆ సంగీతం తొలిరోజుల్లో పలువురు పాడినవి ఏరి, ఒకచోట చేర్చిన సంకలనాలు. మా ముందుగదిలో ఒక గోడంతా అవే. చాలావరకు సీడీలు, అడుగు అరలో అట్ట కవర్లలో పెద్ద ఎల్పీ రికార్డులు. ఆదివారం చర్చిలో గిటార్ వాయించి వచ్చి, అన్నం తిన్నాక ఒకటి పెట్టుకుంటారు. నాకు ఇంగ్లీషు రాదు గానీ, కుట్టుమిషన్ తొక్కుతూ వినీ వినీ ఏ పాట తర్వాత ఏది వస్తుందో చెప్పగలను.

ఆ వేసవిలో ఆయన ఒక కొత్త పని మొదలుపెట్టారు. డ్యూటీ నుంచి రాగానే గది తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్కో సీడీ డబ్బా తిప్పి వెనకున్న బార్‌కోడ్‌ను ఫోన్‌కు చూపించేవారు. ఫోన్ ఆ ఆల్బమ్ పేరు పైకి చదివేది. పక్కన పెట్టి ఇంకొకటి తీసేవారు.

"ఏంది చేస్తుండారు?" అని అడిగాను.

"ఊరికే. ఏమేం ఉండాయో ఎక్కించి పెట్టుకుంటుండా."

ఆ గొంతు మామూలుగా లేదు. అమ్మేస్తున్నారేమో అనుకున్నాను. ఉద్యోగం మీదికి ఏదైనా వచ్చిందేమో అనీ అనుకున్నాను. పాటలు వినడం మానేశారు. నేను గదిలోకి వెళితే ఫోన్ బోర్లించేవారు. రెట్టించి అడిగితే విసుక్కునేవారు. అంతకు ముందు ఆయన నా మీద విసుక్కోవడం నాకు గుర్తు లేదు.

ఒక సాయంత్రం శ్రీహరికోట నుంచి రాకెట్ పోతుందంటే వీధి వీధంతా డాబాలెక్కింది. దక్షిణాన నిప్పు ముద్ద లేచి పైకి పోతోంది. అందరి తలలూ అటే ఉన్నాయి. మా ఆయన తల మాత్రం ఆకాశమంతా వెతుకుతోంది. పక్కింటి అక్క "చూసినావా అన్నా, ఎట్ట పోతుందో!" అంటే, "భలే పోతుంది" అన్నారు, సముద్రం వైపు తిరిగి. మాకు సముద్రం తూర్పున. అందరి ముందూ ఏమీ అనలేకపోయాను. ఇంట్లోకి వచ్చాక అడుగుదామంటే అప్పటికే అటు తిరిగి పడుకున్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే వెంకటాచలంలో మా అక్క ఇంట్లో ప్రార్థన కూటానికి స్కూటర్ మీద బయల్దేరాం. పోర్టు రోడ్డు కదా, లారీల మధ్యే ప్రయాణం. ఎడమపక్క రోడ్డు అంచున బొగ్గు లారీ ఒకటి ఆగి ఉంది. దూరం నుంచే చూశాను. తప్పుకుంటారులే అనుకున్నాను. స్కూటర్ నేరుగా దాని మీదికే పోతోంది.

"ఏవండీ! లారీ! లారీ!"

ఒక్కసారిగా హ్యాండిల్ కుడికి తిప్పారు. నా మోకాలు లారీ వెనక ఇనుప కమ్మీని రాసుకుంది, చీర చిరిగింది. వెనకొస్తున్న టాంకర్ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని ఒరుసుకుంటూ పోయింది. బండి ఎలాగో అవతల రొయ్యల గుంట గట్టు దగ్గర ఆగింది.

"కనపడలా?" అన్నాను.

ఆయన దిగి బండికి స్టాండు వెయ్యబోయారు.

"మిమ్మల్నే. అంత లారీ కనపడలా?"

"ఎడమపక్క ఏం కనపడదు" అన్నారు. "ఆ కన్ను పోయినట్టే. కుడిది గొట్టంలో నించి చూసినట్టు ఉంటది."

"ఎప్పటి నించి?"

"పోర్టు గేటు దగ్గర బయట ఆసుపత్రోళ్ళు కంటి పరీక్షలు పెట్టినారే, అప్పుడు చెప్పినారు. నీటికాసులంట, కంట్లో ప్రెషర్ పెరిగి నరం చచ్చిపోతదంట."

"తెలిసీ నన్ను ఎనకాల కూర్చోబెట్టుకుని తిప్పుతుండారా?"

"చెప్తే ఏడుస్తావు. పోర్టులో తెలిస్తే క్రేను ఎక్కనియ్యరు."

"మరి ఆ ఫోనూ, ఆ డబ్బాలూ ఏందీ?"

గుంటలోని నీళ్ళకేసి చూస్తూ అన్నారు: "పూర్తిగా పోయినాక, ఏ పాట ఏ డబ్బాలో ఉందో ఎవుర్ని అడగాల? ఆ గీతలు చూపిస్తే అదే చెప్తదని."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో నేనుండగా ఒక యంత్రాన్ని అడగడానికి సిద్ధపడ్డాడీ మనిషి. స్కూటర్ టీ కొట్టు దగ్గర వదిలేసి, ఆటో ఎక్కి ఇల్లు చేరాం.

మర్నాడు నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పోయిన చూపు తిరిగి రాదన్నారు. ఉన్నది నిలబెట్టాలంటే కుడి కంటికి ఆపరేషన్ చెయ్యాలన్నారు. చేయించాం. పోర్టులో ఆయన్ని క్రేన్ల మీది నుంచి తప్పించి స్టోర్‌లో కూర్చోబెట్టారు. కానీ ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఉన్న రోజులు మాత్రం నిప్పుల మీద నడిచినట్టే గడిచాయి. కట్టు కట్టిన కన్నుతోనే గోడ దగ్గర కూర్చుని డబ్బాలు తడిమేవారు. ఎల్పీలకు బార్‌కోడ్ లేదు, అవి ఆ గీతలు పుట్టకముందు అచ్చయినవి. అట్ట అంచున ఒక నంబరు, రికార్డు మధ్య కాగితం పక్కన గీకిన ఇంకో నంబరు, అంతే. ఆ నంబర్లు నేను చదువుతానంటే "రోజూ చదువుతా కూర్చుంటావా?" అని కసిరారు.

ఒకరోజు ఒక సీడీ చూపించారు. ఫోన్ పేరు చెప్పింది. పెట్టారు. పాట రెండు వాక్యాలు నడిచిందో లేదో పెద్దగా అరిచారు.

"ఇది కాదు! ఇది ఆ పాడినోళ్ళే ముసలితనంలో మళ్ళీ పాడింది! నా డబ్బాలు ఎవురు మార్చినారు?"

వెళ్ళి చూశాను. ఒకే పేరుతో రెండు సీడీలున్నాయి, ఒకటి ముందు అచ్చయింది, ఇంకొకటి తర్వాతది. బొమ్మలు వేరు, పాడిన కాలాలు వేరు. బార్‌కోడ్ మాత్రం ఒకటే.

"ఎవురూ మార్చలా. రెండిటికీ ఒకే నంబరు ఏసినారు."

"చదువు."

ఒక్కో అంకె రెండు డబ్బాల మీదా చదివాను. "ఐతే దీన్నీ నమ్మేదానికి లేదు" అని ఫోన్‌ను మంచం మీదికి విసిరేశారు. ఆ పూట అన్నం ముట్టలేదు.

నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే గిన్నెలు తోముతుంటే సబ్బు కవరు కనిపించింది. దాని మీదా అవే గీతలు. తుడిచి తీసుకెళ్ళి అడిగాను.

"ఈ గీతలకి మనం ఏ పేరు పెడితే ఆ పేరే పలుకుతదా మీ ఫోను?"

"పలుకుతది. ఎందుకు?"

వెళ్ళి కత్తెర తెచ్చుకున్నాను. సబ్బు కవరు గీతలు కత్తిరించి, ఆ ముసలి పాటల డబ్బా కోడ్ మీద అంటించాను. తర్వాత ఎల్పీలు. ఒకే రకం సరుకు మీద ఒకే కోడ్ ఉంటుంది కాబట్టి ప్రతి అట్టకూ వేరే సరుకు కావాలి. టీ పొడి, సేమియా, కొబ్బరినూనె, సాంబారు పొడి. మా వంటిల్లు అయిపోయాక పక్కింటి అక్కను ఖాళీ ప్యాకెట్లు అడిగి తెచ్చాను. ఎందుకో చెబితే ఆమె తన బీరువాలోని పౌడరు డబ్బా కూడా ఖాళీ చేసి ఇచ్చింది. ఆ నంబర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు; నేను అట్ట అంచున నంబరు చదివితే, అది ఏ ఆల్బమో ఆయన ఫోన్‌కు చెప్పేవారు. అంటించిన కాగితం అంచు వేలికి తగిలేది కాబట్టి, ఎటు తిప్పి పట్టుకోవాలో ఆయనకు తెలిసేది. సేమియా ప్యాకెట్ గీతలు చూపిస్తే ఫోన్ గంభీరంగా రాక్ అండ్ రోల్ ఆల్బమ్ పేరు చదివింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నేనప్పుడు ఏడ్చాను.

పోయిన వారం పరీక్షలో కంటి ప్రెషర్ నిలకడగా ఉందన్నారు. ఎప్పటివరకు అని అడిగితే డాక్టరు గారు చెప్పలేదు. బయట రోడ్డు దాటబోతూ ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఎడమపక్క ఏమొస్తుంది?"

"ఆటో. ఆగండి."

"ఇప్పుడు?"

"బస్సు. ఉండండి... ఆ, ఇప్పుడు రండి."